చేపకూ ఒక ఓపీ చీటీ రాయండి

తెలుగు రాష్ట్రాల పశువైద్య, మత్స్య విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు,



అక్వేరియంలో చేప మేత మానేస్తే మన ఊళ్ళలో దానికి జరిగే వైద్యం దాదాపు ఒకటే. షాపుకు వెళ్ళి "చేప తినట్లేదండీ" అంటాం. షాపాయన వెనకాల అరలోంచి నీలం మందు సీసానో, పసుపుపచ్చ పొడి పొట్లమో తీసి చేతిలో పెడతాడు. అది ఏ చేప, ఎన్నాళ్ళ నుంచి తినట్లేదు, మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోందా, అసలు మేత వైపే చూడట్లేదా, నీళ్ళు మార్చి ఎన్నాళ్ళయింది అన్నవేవీ అడగడు. అడగాలని ఆయనకు చెప్పినవాళ్ళూ లేరు. ఆ మందుతో తగ్గకపోతే ఇంకో రంగు మందు. దాంతోనూ తగ్గకపోతే ఇంకో చేప.

షాపాయన్ని తప్పుపట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. ఆయన అమ్ముకునేవాడు. వైద్యుడు ఉండాల్సిన చోట ఎవరూ లేరు కాబట్టి ఆయన నిలబడ్డాడు. ఆ చోటు భర్తీ చేయగలిగింది మీరే కాబట్టి ఉత్తరం మీకు రాస్తున్నాను.

రొయ్యల చెరువులో తేడా కనిపిస్తే భీమవరం, కైకలూరు వైపు రైతు నీళ్ళు సీసాలో పట్టుకుని ఆక్వా ల్యాబ్‌కు బయల్దేరతాడు. అమ్మోనియా ఎంతుంది, ఆల్కలినిటీ ఎంతుంది చీటీ మీద రాయించుకుని తెచ్చుకుంటాడు. చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ముత్తుకూరులో, పెబ్బేరులో మత్స్య కళాశాలలున్నాయి. చేప జబ్బులు తెలిసినవాళ్ళకు మన దగ్గర కొదవ లేదు. అయినా ఇంట్లో అద్దాల తొట్టెలో ఉన్న చేప పదిరోజులుగా ఏమీ తినకపోతే దాన్ని తీసుకెళ్ళి చూపించే గుమ్మం మామూలు మనిషికి దొరకదు.

కారణం వెతికితే తేలిగ్గానే దొరుకుతుంది. మత్స్యశాస్త్రం చదివినవాళ్ళకు చేప తెలుసు. వాళ్ళ చదువంతా చెరువు చుట్టూ, టన్నుల లెక్కలో సాగుతుంది. జంతువుకు మత్తిచ్చి, కోసి, కుట్టి వైద్యం చేసే అధికారం 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం రిజిస్టరైన పశువైద్యులకు ఇచ్చింది. వాళ్ళ చేతులు గేదెకు, మేకకు, కుక్కకు అలవాటు పడ్డాయి. అక్వేరియం చేప ఈ రెండు శాఖల మధ్య సందులో పడిపోయింది.

ఆ సందు ఎంత సన్నటిదో చెప్పడానికి నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెబుతాను. మా కాలనీలో ఒకరింట్లో పిడికెడంత ఒరండా గోల్డ్‌ఫిష్ ఉండేది. ఒకరోజు నోరు తెరిచింది, మళ్ళీ మూయలేదు. మేత వేస్తే పైకి వచ్చేది, మూతి గింజ దాకా తెచ్చేది, గింజ మాత్రం లోపలికి పోయేది కాదు. టార్చి వేసి చూస్తే గొంతు మొదట్లో అడ్డంగా గులకరాయి, పచ్చిశనగపప్పు బద్దంత. ట్యాంకు అడుగున అందానికి పరిచిన రంగురాళ్ళలో ఒకటి. చేపను మూతున్న బకెట్లో పెట్టుకుని వాళ్ళు పశువుల ఆసుపత్రికి బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. మా ముందు ఒక గేదెదూడ, రెండు కుక్కలు. మా వంతు వచ్చాక డాక్టరుగారు బకెట్లోకి వంగి చూసి, "చేపను నేనెప్పుడూ పట్టుకోలేదండీ" అన్నారు. అలా అని పంపించేయలేదు. కాసేపు ఆలోచించి, కైకలూరు దగ్గర ఆక్వా ల్యాబ్‌లో పనిచేసే స్నేహితుడికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు.

"ఏరా, గోల్డ్‌ఫిష్ గొంతులో రాయి ఇరుక్కుంది. దీన్ని ఎలా పట్టుకోవాలిరా?"

అవతలి నుంచి ఆయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ముందు చేతులు తడుపుకో. తడిగుడ్డ మీద పడుకోబెట్టు, కంటి మీద గుడ్డ కప్పు. మొప్ప మీద వేలు ఆనించకు. నిమిషం దాటకుండా నీళ్ళలో వదిలెయ్, ఊపిరి తీసుకున్నాక మళ్ళీ తియ్. కుక్కల చెవుల్లో ఇరుక్కున్న గడ్డిగింజలు తీసే వంకరమొన ఫోర్‌సెప్స్ డాక్టరుగారి దగ్గర ఉండనే ఉంది. కాసేపటికి రాయి వచ్చి స్టీలు ట్రేలో టక్కుమని పడింది. మర్నాడు చేప మేత తిన్నది.

ఆ గదిలో చెయ్యి పశువైద్యానిది, చెప్పిన మాట మత్స్యశాస్త్రానిది. రెండింటినీ కలిపింది ఒక స్నేహం. స్నేహం లేనివాళ్ళకు కూడా ఆ కలయిక దొరికేలా చేయండన్నదే నా మనవి మొత్తం.

ఇంత చిన్న ప్రాణికి ఇంత అవసరమా అని ఎవరైనా అడగొచ్చు. చట్టం ఆ ప్రశ్న ఎప్పుడో తేల్చేసింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం దృష్టిలో మనిషి కాని ప్రాణమున్న ప్రతిదీ జంతువే. దాన్ని పెంచుకునేవాడు దాని బాగోగులు చూడాలనీ, అనవసరమైన బాధ కలగనివ్వకూడదనీ మూడో సెక్షను చెబుతోంది. అందులో పరిమాణం ప్రస్తావన లేదు.

చేపకు బాధేమిటన్న మాటా ఇప్పుడు చెల్లదు. 2003లో లిన్ స్నెడన్, విక్టోరియా బ్రెయిత్‌వెయిట్, మైకేల్ జెంటిల్ అనే శాస్త్రవేత్తలు బ్రిటన్‌లో రెయిన్‌బో ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి గమనించారు. వాటి ఊపిరి వేగం పెరిగింది. ఆమ్లం ఎక్కించినవి మూతిని అడుగునున్న గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. నొప్పి లేని చేపలు మేతకు వచ్చేసిన చాలాసేపటికి, ఎక్కించిన దాదాపు మూడు గంటలకు, అవి మళ్ళీ తినడం మొదలుపెట్టాయి. మూతి నొప్పెడితే చేప అన్నం మానేస్తుంది. మన ట్యాంకుల్లో జరిగేదీ చాలాసార్లు అదే. షాపులో దాన్ని "మూడ్ లేదు" అంటారు.

అసలు విషయానికొస్తాను. మేత తినని చేప వేరు, తినలేని చేప వేరు. మొదటిది మేత వైపు చూడదు. మూలకు చేరి, రెక్కలు ముడుచుకుని, నీటి పైపొరకు వచ్చి గుటకలు మింగుతూ ఉంటుంది. రెండోది ఆకలితో మేత మీదికి వస్తుంది, అందుకోలేదు, లేదా అందుకుని ఉమ్మేస్తుంది. మొదటిదానికి జబ్బు నీళ్ళలోనో, ఒంట్లోనో ఉంది. రెండోదాని ఇబ్బంది నోటిలో ఉంది: ఇరుక్కున్న రాయి, పోట్లాటలో మూతులు పట్టుకుని లాక్కున్నప్పుడు జారిన దవడ, అద్దానికి గుద్దుకున్న దెబ్బ, పెదవి మీద కణితి, లేదా తెల్లటి దూదిలా పట్టే పుండు. ఆ దూదిని అందరూ బూజనుకుని బూజు మందు వేస్తారు. నోటి దగ్గర పట్టేది చాలాసార్లు కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. బూజు మందుకు అది లొంగదు.

మూడో రకం కూడా ఉంది, దానికి జబ్బే లేదు. మలావీ సరస్సు జాతి సిక్లిడ్ చేపల్లో తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. దాదాపు మూడు వారాలు దవడ ఉబ్బించుకుని, మేత సరిగా ముట్టకుండా తిరుగుతుంది. ఏషియన్ ఆరోవానాలో ఆ పని తండ్రిది. ఇవి తెలియక "దవడ వాచింది" అని ట్యాంకులో మందు పోసినవాళ్ళను చూశాను. ట్యాంకు మార్చిన ఫ్లవర్‌హార్న్ కొన్నాళ్ళు అలిగినట్టు మేత మానేయడం మామూలే. గోల్డ్‌ఫిష్‌కు పళ్ళు గొంతులో ఉంటాయి. గింజను లోపలికి లాగడం, బయటికి ఊదడం, మళ్ళీ లాగడం దానికి నమిలే పద్ధతి. ఈ తేడాలు చెప్పేవాళ్ళు ఒకరుంటే సగం మందు సీసాలు అరల్లోనే ఉండిపోతాయి.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం పదిరోజులు తినకపోయినా ఆకలితో చావదు. దాని ఒంటి వేడి నీళ్ళ వేడే. మనలా ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికి తిండి ఖర్చు పెట్టనక్కర్లేదు. కాబట్టి చేప తినట్లేదనగానే బలవంతంగా తినిపించాలని కంగారు పడనక్కర్లేదు. కంగారుపడాల్సింది ఎందుకు తినట్లేదన్నదాని గురించి. దానికి చూడాల్సిన మొదటి చోటు నీళ్ళు.

చేప విసర్జించిన అమ్మోనియాను ఫిల్టరులో పెరిగే బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా ఇంకా పుట్టి ఉండదు. పాత ట్యాంకులో ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగేస్తే, నీళ్ళలోని క్లోరిన్‌కు అది చచ్చిపోతుంది. అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. నీళ్ళ పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అందులో విషరూపంలో ఉండే భాగం దాదాపు పదిరెట్లవుతుంది. బోరునీళ్ళు వాడే ఇళ్ళలో పీహెచ్ 8 కొత్తేమీ కాదు. నైట్రైట్ అయితే రక్తంలోకి చేరి, ప్రాణవాయువు మోసే శక్తిని పోగొట్టి, రక్తాన్ని గోధుమరంగులోకి తిప్పేస్తుంది. ఊపిరి అందని చేపకు ఆకలి ఎక్కడుంటుంది?

ఇలాంటి చేపకు మందు నీళ్ళలో పోస్తే ఏమవుతుంది? మంచినీటి చేప నీళ్ళు దాదాపు తాగదు. దాని ఒంట్లోని ఉప్పు చుట్టూ ఉన్న నీళ్ళలో కంటే ఎన్నోరెట్లు ఎక్కువ కాబట్టి నీళ్ళు మొప్పల గుండా వాటంతటవే లోపలికి చొరబడతాయి. చొరబడ్డ నీళ్ళను మూత్రంగా బయటికి తోడెయ్యడమే దాని పని. పైన పట్టిన పుండుకూ పురుగుకూ నీళ్ళలో మందు పనిచేయొచ్చు, లోపలి జబ్బుకు చాలావరకు అందదు. షాపుల్లో అమ్మే పసుపుపచ్చ పొడి తరచుగా టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అది వాటితో ముడిపడి చేపకు దక్కదు. మన బోరునీళ్ళు ఎంత కఠినమో బకెట్ల అంచున పేరుకున్న తెల్లటి పొరే చెబుతుంది. చేపకు దక్కని ఆ మందు ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియాను దెబ్బతీసి, చివరికి మురికి కాలువలో కలుస్తుంది. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల గురించి సభలు పెట్టుకుంటున్న కాలంలో ఈ అమ్మకం చీటీ లేకుండా వీధి చివర జరిగిపోతోంది.

లోపలి జబ్బుకు మందు మేతలో కలిపి పెట్టాలి, లేదా సూదితో వేయాలి. చేప మేతే ముట్టకపోతే? అక్కడ గొట్టం అవసరమవుతుంది. ఇది మీ విద్యార్థులు ఒక మధ్యాహ్నంలో చూసి నేర్చుకోగల పని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నెలల పిల్లలకు ముక్కులోంచి పాలు పట్టే మెత్తటి ఫీడింగ్ ట్యూబ్, 5 లేదా 6 ఫ్రెంచ్ సైజుది, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. మేతగింజలు నానబెట్టి, మెత్తగా నూరి, పలుచని గుడ్డలో వడగట్టి సిరింజిలోకి లాగుతారు. చేపను మత్తునీళ్ళలో కొద్దిసేపు ఉంచి, నడుమ గంటు కోసిన తడి స్పాంజిలో కూర్చోబెడతారు. గొట్టాన్ని ముందు చేప పక్కన ఆనించి, ఎంతవరకు లోపలికి పోవాలో గుర్తు పెట్టుకుంటారు. తర్వాత నోటి మధ్యగా మెల్లగా లోపలికి పంపుతారు. ప్రమాదమంతా ఇక్కడే. చేప గొంతుకు రెండు పక్కలా మొప్పల సందులుంటాయి. గొట్టం పక్కకు జారితే వాటిలోంచి బయటికి వచ్చేస్తుంది. మొప్పమూత మెల్లగా ఎత్తి, గొట్టం మొన అక్కడ కనిపించట్లేదని చూసుకున్నాకే సిరింజి నొక్కాలి. మొప్పల్లో పడ్డ మేత చేపకు ఊపిరాడనివ్వదు. ఒంటి బరువులో ఒకటి నుంచి మూడు శాతం, అంటే 100 గ్రాముల చేపకు 1 నుంచి 3 మిల్లీలీటర్లు చాలు. గోల్డ్‌ఫిష్, కోయి చేపలకు జీర్ణాశయం లేదు, గొంతు దాటిన మేత నేరుగా పేగులోకే పోతుంది. వాటికి ఆ లెక్కలో కింది కొలతే మంచిది. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్‌లకు జీర్ణాశయం ఉంది, కాస్త ఎక్కువ పట్టినా నిలుస్తుంది. గొట్టం తీశాక చేపను మంచినీళ్ళలో నిలబెట్టి, తనంతట తాను ఈదేదాకా చూడాలి.

ఇందులో ఇంట్లోవాళ్ళు ముట్టుకోకూడనిది మత్తు. ఎంఎస్-222 అనే మందు ఇంటింటా దొరికేది కాదు. లవంగనూనెలోని యూజినాల్ చేపకు మంచి మత్తుమందే, కానీ నిద్రపుచ్చే మోతాదుకు, ప్రాణం తీసే మోతాదుకు మధ్య ఎడం తక్కువ. కిరాణాషాపు సీసాలో యూజినాల్ ఎంత పాళ్ళలో ఉందో సీసా చెప్పదు. మత్తు లేకుండా గిలగిలలాడే చేప నోట్లో గొట్టం దూర్చితే మొప్పలు చిరుగుతాయి. ఇది శిక్షణ ఉన్న చేతి పని. ఆ చెయ్యి కావాలనే మిమ్మల్ని అడుగుతున్నది.

ఆ చెయ్యి దొరికేదాకా ఇంట్లో చేయగలిగింది చాలానే ఉంది. ఒకే పేజీలో పట్టే తెలుగు కరపత్రం మీరు అచ్చువేయించి ప్రతి అక్వేరియం షాపు గోడ మీదా అంటింపజేయాలని నా కోరిక. ముసాయిదా నేను రాస్తాను, తప్పులుంటే మీ ఆచార్యులు దిద్దండి.

మందు కొనేముందు నీళ్ళు పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్ ఏ కొంచెం కనిపించినా ఆ రోజే పావువంతు నుంచి మూడోవంతు నీళ్ళు మార్చండి. క్లోరిన్ పోయిన నీళ్ళు, ట్యాంకులో ఉన్నంత వేడివే పోయండి. ఫిల్టరు స్పాంజిని ట్యాంకు నీళ్ళలోనే పిండండి.

జబ్బుచేపను 20, 30 లీటర్ల ప్లాస్టిక్ తొట్టెలోకి మార్చండి. అడుగున రాళ్ళు వద్దు. పాత ట్యాంకులో నడుస్తున్న స్పాంజి ఫిల్టరునే తెచ్చి పెట్టండి. పైన వల కప్పి, వెలుతురు తగ్గించండి. ఎయిర్ పంపు ఆపొద్దు. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మన వేసవిలో జబ్బుచేపను ఆదుకునేది ముందు గాలి, తర్వాతే మందు.

లీటరుకు 1 గ్రాము చొప్పున రాళ్ళ ఉప్పు విడిగా కరిగించి కలపండి. అవసరమైతే ఒకటి రెండు రోజుల్లో మెల్లగా 3 గ్రాముల దాకా పెంచొచ్చు. ఉప్పు నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. గాయం గుండా నీళ్ళు చొరబడే ఒత్తిడిని తగ్గిస్తుంది. చెంచా లెక్క వద్దు, తూకం వేయండి. కోరిడోరాస్, లోచ్ లాంటి చేపలు ఉప్పుకు తట్టుకోలేవు, వాటికి ఇది వద్దు.

తినాలని చూసి తినలేకపోతున్న చేపకు మేత మెత్తబరచండి. నానిన గింజల ముద్దను డ్రాపరుతో మూతి ముందు వదలండి. పక్కన ఎగబడే చేపలుంటే వేరు చేయండి. మిగిలిన మేతను పది నిమిషాల్లో తీసేయండి. కుళ్ళితే మళ్ళీ అమ్మోనియానే.

వంటింటి డిజిటల్ త్రాసు మీద నీళ్ళగిన్నె పెట్టి, సున్నా చేసి, చేపను అందులోకి వదిలి బరువు రాసుకోండి. వారానికోసారి చాలు. వీపు సన్నబడి, పొట్ట లోపలికి పోయి, తల ఒక్కటే పెద్దదిగా కనిపిస్తే ఇక ఆగకూడదు.

చేతికి గాయముంటే తొడుగు వేసుకునే తొట్టెలో చెయ్యి పెట్టండి. చేపల నీళ్ళలో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా మనిషి చర్మం మీద మానని పుండ్లు తెస్తుంది.

అడుగున పరిస్తే ఇసుక పరవండి, లేదంటే చేప నోట్లో పట్టనంత పెద్ద రాళ్ళు పెట్టండి.

కరపత్రం ఇంతే. దీనికి చివర ఇంకో మాట చేర్చాలి. కొన్ని చేపలు కోలుకోవు. దవడ విరిగిపోయినవి, కణితి గొంతంతా నిండినవి, గొట్టంతో ఎన్ని పూటలు మేత పట్టినా బరువు తగ్గుతూనే ఉన్నవి ఉంటాయి. వాటిని కమోడ్‌లో వదిలేయడం, ఫ్రీజరులో పెట్టడం, గట్టున పడేయడం బాధను పొడిగించడమే. చెరువులో వదలడం దయ అనుకునేవాళ్ళున్నారు. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేప మన చెరువుల్లో రైతును ఎంత ఏడిపిస్తోందో మీకు నేను చెప్పాలా? యూజినాల్ ఎక్కువ మోతాదులో ఇచ్చి, మొప్పల కదలిక ఆగాక కనీసం పది నిమిషాలు అందులోనే ఉంచి, అవసరమైతే ఆ తర్వాత మెదడును పూర్తిగా ఆపే రెండో మెట్టు కూడా దాటించాలని అమెరికా పశువైద్య సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. ఆ పని కూడా డాక్టరుదే. చావు సుఖంగా ఉండేలా చూడటం వైద్యంలో భాగమని మీకంటే తెలిసినవాళ్ళు లేరు.

"ఆవులకు, గేదెలకే డాక్టర్లు చాలట్లేదు, చేపకు ఎక్కడి నుంచి తెస్తాం?" అన్న మాట న్యాయమైనదే. కొత్త భవనం, కొత్త పోస్టులు నేనడగట్లేదు. 2014లో మెల్‌బోర్న్‌లోని లార్ట్ స్మిత్ జంతువుల ఆసుపత్రిలో డాక్టర్ ట్రిస్టన్ రిచ్ జార్జ్ అనే పదేళ్ళ గోల్డ్‌ఫిష్ తల మీది కణితిని దాదాపు ముప్పావుగంటలో కోసి తీశారు. ఆ వార్త ప్రపంచమంతా చదివింది. ఆయన వాడిన ప్రత్యేక సామగ్రిలో ముఖ్యమైనవి మూడు బకెట్లు: ఒకదాంట్లో గాఢమైన మత్తునీళ్ళు, రెండోదాంట్లో పలుచటి మత్తునీళ్ళు, మూడోదాంట్లో మంచినీళ్ళు. రెండో బకెట్లోని నీళ్ళే ఆపరేషన్ అయ్యేదాకా గొట్టం ద్వారా చేప మొప్పల మీదుగా పారాయి. మీ ఆసుపత్రుల్లో బకెట్లకు కొరత ఉండదు.

నా విన్నపాలు నాలుగు.

ఒకటి: ప్రతి పశువైద్య కళాశాల బోధనాసుపత్రిలో వారానికి ఒక పూట అక్వేరియం చేపల ఓపీ పెట్టండి. మత్స్య కళాశాల నుంచి ఒక ఆచార్యులు ఆ పూట పక్కన కూర్చోవాలి. రాలేకపోతే వీడియో కాల్‌లోనైనా ఉండాలి. రుసుము పెట్టండి, ఇస్తాం.

రెండు: చెరువు నీళ్ళు పరీక్షించే మీ ప్రయోగశాలల్లో ఇంటి ట్యాంకు నీళ్ళు కూడా తీసుకోండి. సీసా అదే, పరీక్షా అదే.

మూడు: మత్తు, గొట్టంతో మేత, నోట్లో అడ్డుపడ్డది తీయడం, సుఖమరణం అనే నాలుగు పనులను పశువైద్య విద్యార్థుల ప్రాక్టికల్స్‌లో చేర్చండి. అలంకార చేపల పెంపకానికి 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రభుత్వమే సాయం చేస్తూ వచ్చింది. పెంచి అమ్మడానికి పథకం ఉన్న ప్రాణికి వైద్యం కూడా ఉండాలి కదా.

నాలుగు: అక్వేరియం షాపుల వాళ్ళకు ఏడాదికోసారి ఒకరోజు శిక్షణ ఇచ్చి, పైన రాసిన కరపత్రం వాళ్ళ చేతికివ్వండి. వాళ్ళు శత్రువులు కారు. చేప బతికితే ఆ కొనుగోలుదారు మళ్ళీ వాళ్ళ షాపుకే వస్తాడు. యాంటీబయాటిక్ పొడులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న సంగతి కూడా ఆ రోజే గట్టిగా చెప్పండి.

ఈ ఉత్తరం చదువుతున్న చేపల పెంపకందార్లకు కూడా ఒక మాట. మీ చేప తినట్లేదని ఈసారి షాపుకు వెళ్తే మందు అడగకండి, నీళ్ళ పరీక్ష అడగండి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి చేపను తీసుకెళ్ళండి. తెలియదంటారేమో, అన్నా ఫర్వాలేదు. మీ చేప పేరు మీద ఒక ఓపీ చీటీ రాయించుకోండి. చీటీలు పోగుపడితేనే అవసరం ఉందని పైవాళ్ళకు తెలుస్తుంది.

ఉపకులపతులారా, ఇది కాగితం మీద ఒక ఉత్తర్వుతో, వారంలో ఒక పూటతో అయ్యే పని. వచ్చే విద్యాసంవత్సరం టైంటేబులు వేసేటప్పుడు ఆ పూటకు చోటివ్వండి.

ఇట్లు,
అక్వేరియం చేపలు పెంచుకునే ఒక పాఠకుడు